చార్మినార్‌కు తీసుకెళ్లడానికి మూడు వందలా?

రాజమండ్రి నుంచి పిన్ని, బాబాయి రెండు రోజులు హైదరాబాద్ చూద్దామని వచ్చారు. ఈ ఉదయం నాకు ఆఫీసు ఉండడంతో ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కించి, ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) స్టాపులో దిగి ఆటోలో చార్మినార్ వెళ్లమన్నాను. ఆటోవాడు మూడు వందలు అడిగాడట. బాబాయి బేరమాడి రెండు వందలకు ఒప్పించి, ఆ సంగతి ఎంతో సంతోషంగా ఫోన్ చేసి చెప్పారు. ఆ సంతోషం విన్నప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

ఎంజీబీఎస్ నుంచి చార్మినార్ ఎంత దూరం? రెండు కిలోమీటర్లు, కాస్త అటూఇటూ. ఆటో మీటరు ధరలు చివరిసారి సవరించింది 2014లో: మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ లెక్కన ముప్పై రూపాయలైనా కాదు. ఇన్నేళ్లుగా ఆ ధర మార్చకపోతే మీటరు వేసి ఏ డ్రైవరు బతుకుతాడు? న్యాయమైన ధర నిర్ణయించాల్సిన ప్రభుత్వం చేతులు దులుపుకుంది. ఆ బేరం ఊరికి కొత్తగా వచ్చిన పెద్దవాళ్ల నెత్తిన పడింది.

చార్మినార్ చేరాక తిండి మాటకొస్తే, ఈ నగరంలో ఏం తినాలో చెప్పే వీడియోలకు లెక్కే లేదు. అన్నింటిలోనూ అదే బిర్యానీ, అదే క్యూ. ఏది ఏ వేళకు తినాలో చెప్పేవారే కనిపించరు. నెమ్మదిగా ఉడికించిన మాంసం పులుసు నిహారీ, కాళ్ల పులుసు పాయా పొద్దున్నే తినాలి. గుల్జార్‌హౌజ్ దగ్గర గోవింద్ బండి దోసె కూడా ఉదయం పూటదే. మక్కా మసీదు దగ్గర నిమ్రా కేఫ్‌లో ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుని, చార్మినార్‌ను చూస్తూ నిలబడి తినాలి. సాయంత్రమైతే గాంధీభవన్ స్టేషన్‌లో దిగి మొజంజాహీ మార్కెట్‌కు నడిచి వెళ్లి, 1935 నాటి ఆ రాతి కట్టడం నీడలో ఐస్‌క్రీమ్ తినాలి.

చాయ్ అంటే గుర్తొచ్చింది. డికాక్షన్ సన్నని సెగ మీద మూత పెట్టి మగ్గాలి, పాలు వేరుగా చిక్కబడే దాకా మరగాలి, రెండూ కప్పులోనే కలవాలి. ఇరానీ చాయ్ అంటే అది. టీపొడి, పాలు, చక్కెర ఒకే గిన్నెలో కాచి, అద్దాల తలుపుల చాయ్ దుకాణంలో నాలుగింతల ధరకు ఇరానీ పేరు పెట్టి అమ్మడం మోసం. అసలైన హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఇవి వీధికొకటి పుడుతున్నాయి.

బస్సులో వెళ్లొచ్చుగా అంటారేమో. ఏ నంబరు ఎక్కడ ఆగుతుందో కొత్తవాళ్లకు ఎవరు చెబుతారు? తెలంగాణ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణ ఆడవాళ్లకే, ఆంధ్రలో ఆంధ్ర ఆడవాళ్లకే. పిన్ని ఆధార్ ఇక్కడ చెల్లదు. ఉన్నవి రెండు తెలుగు రాష్ట్రాలు, కూర్చుని ఒక్క మాట అనుకోలేరా?

అసలు ఆ ఆటో అవసరం ఎందుకొచ్చింది? సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా దాకా గీసిన మెట్రో మార్గాన్ని 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరే ఆపేశారు కాబట్టి. మిగిలింది ఐదున్నర కిలోమీటర్లు. ఐటీ కంపెనీలున్న రాయదుర్గానికి 2019లోనే రైలు వెళ్లింది. మా పాతబస్తీకి 2024 మార్చిలో శంకుస్థాపన దక్కింది, రైలు మాత్రం ఇంకా రాలేదు. నేను లాల్‌దర్వాజలో పుట్టి పెరిగాను. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చినప్పుడు రెండు బస్సులు మారి, చెమటతో తడిసి ఆఫీసు చేరేదాన్ని. చివరికి అమ్మానాన్నలను అక్కడే వదిలి ఎల్‌బీనగర్‌కు మారాల్సి వచ్చింది. మా వీధిలో నాతో చదివిన ఆడపిల్లల్లో ఎంతమంది ఈ దూరానికి భయపడి ఉద్యోగాలు వదులుకున్నారో నాకు తెలుసు. ఒక్కొక్కరి పేరూ చెప్పగలను. నగరం గురించి ఏ ప్రకటన వేసినా చార్మినార్ బొమ్మ కావాలి, దాని చుట్టూ బతికే మనుషులకు మాత్రం రైలు అక్కర్లేదా?

రైలు వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. ఒకప్పుడు పాతబస్తీ సందుల్లో తిరిగిన సెట్విన్ బస్సుల్లాంటి చిన్న బస్సులు ఎంజీబీఎస్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం మీదుగా చార్మినార్‌కు పది నిమిషాలకొకటి నడపండి. స్టేషన్ మెట్ల దగ్గర ఆటో ధరల బోర్డు తెలుగులో, ఉర్దూలో, హిందీలో పెట్టండి. దీనికి శంకుస్థాపన కూడా అక్కర్లేదు.