పరువుకు పది బిట్లు

బెజవాడలో ఓ కార్పొరేట్ జూనియర్ కాలేజీ వారికి ఉన్నట్టుండి తమ పిల్లల్లో పరువూ బాధ్యతా తక్కువయ్యాయన్న అనుమానం వచ్చింది. ర్యాంకులు బోలెడున్నాయి, ఈ రెండే స్టాకు లేవు. వెంటనే ఇంగ్లీషు రచయిత జోసెఫ్ కాన్రాడ్ నవల ‘లార్డ్ జిమ్’ను ఎంపిక చేసి, గేటుకు ఫ్లెక్సీ కట్టి, స్టడీ అవర్లో గంట కోసి ‘నవలా పరిచయ మహోత్సవం’ జరిపించారు. ఫ్లెక్సీలో ఛైర్మన్ గారు నిలువెత్తున ఉన్నారు. కాన్రాడ్ గారు స్టాంపంత.

ఎంపికకు వంక పెట్టలేం. 1900లో పుస్తకంగా వచ్చిన ఈ నవలలో జిమ్ ‘పట్నా’ అనే ఓడలో మేటు, అంటే కెప్టెన్ తర్వాతి అధికారి. 800 మంది మక్కా యాత్రికులు నిద్రలో ఉండగా ఓడకు అడుగున ఏదో తగులుతుంది. కెప్టెనూ అతని జట్టూ ఒక్కరినీ లేపకుండా పడవ దించుకుంటారు. ఆఖరి నిమిషంలో జిమ్ కూడా దూకేస్తాడు. తీరా ఓడ మునగదు, ఫ్రెంచి వాళ్లు దాన్ని ఏడెన్ రేవుకు లాక్కొస్తారు. విచారణ పెడితే కెప్టెన్ పరారీ, వచ్చి నిలబడింది జిమ్ ఒక్కడే. పూర్తిగా కట్టుకథేం కాదు. 1880లో ‘జెడ్డా’ అనే ఓడను దాని అధికారులు 900 మందికి పైగా యాత్రికులతో సహా దాదాపు ఇలాగే వదిలేసి పోయారు.

ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. పట్నా అనగానే ఆయనకు బీహార్ గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి నలందా, నలందా నుంచి బుద్ధుడు, బుద్ధుడి నుంచి అమరావతి స్తూపం, అక్కణ్ణుంచి అమరావతిలో స్థలాల రేట్లు. సముద్రం ఎక్కడా తగల్లేదు. వేదిక మీద ఉన్న ఒకే ఒక్క కాపీకి కుంకుమ బొట్టు పెట్టారు, దండ వేశారు, ఫొటో తీయించుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలకు రెండు పేజీల సారాంశం, పది బిట్లు, కీ పంచారు.

ఏడో బిట్టు: పట్నా ఓడ ఏమైంది? కీలో జవాబు: మునిగిపోయింది.

వెనక వరసలో ఓ అమ్మాయి లేచింది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో కొనుక్కుని చదివిందట. క్రమశిక్షణ లేని పిల్ల.

“ఓడ మునగలేదు సార్.”

“ఎవరు చెప్పారమ్మా?”

“నవల్లో ఉంది సార్.”

“నవల సిలబస్‌లో లేదు కదమ్మా!”

ఇక మొదలైంది అసలు మహోత్సవం. ప్రిన్సిపాల్ లెక్చరర్ వైపు చూశారు. లెక్చరర్, కీ అకడమిక్ సెల్ నుంచి వచ్చిందన్నారు. సెల్ వారు డీటీపీ కుర్రాడి పొరపాటన్నారు. కుర్రాడు ఆ పూట సెలవులో ఉన్నాడు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లు (బరువు దిమ్మెలు) విరగ్గొడితే, ఆ పడవలు మీవంటే మీవని పార్టీలు తిట్టుకోవడం చూసిన ఊరు మాది. ఆ సంప్రదాయానికి ఇక్కడ ఏ లోటూ రానివ్వలేదు. చివరికి ఏడో బిట్టు రద్దు చేసి అందరికీ ఒక మార్కు కలిపారు.

ఈ కాలేజీలేనా పిల్లలకు బాధ్యత నేర్పేది? హాస్టల్లో ఓ పిల్లాడు ప్రాణం తీసుకుంటే, తల్లి బస్సు దిగకముందే ‘ఇంట్లో గొడవలట’, ‘ప్రేమ వ్యవహారమట’ అని కథ అల్లి పెడతారే! చీకటితో లేపి అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టింది ఎవరు? వారం వారం మార్కులు చూసి సెక్షన్ మార్చింది ఎవరు? అందరి ముందూ నిలబెట్టి ‘నీ ఫీజు దండగ’ అన్నది ఎవరు? ఆ మాటన్న నోళ్లన్నీ మర్నాటికి స్విచాఫ్. జిమ్ దూకాడు, నిజమే. కానీ విచారణకు తన కాళ్ల మీద నడిచొచ్చాడు, ఓడ ఉద్యోగపు సర్టిఫికెట్ పోగొట్టుకున్నాడు. మీలో ఎవరొచ్చారయ్యా? ఎవరి సర్టిఫికెట్ పోయింది? పిల్లాడి మంచం మీదకు వారం తిరక్కుండా ఇంకో పిల్లాణ్ణి తెచ్చారు, ఫీజు రసీదుతో సహా!