99 శాతంలో దాగిన ఏడు గంటలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువారి వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లను, నెట్‌వర్కును చూసే సాంకేతిక సహాయ కాంట్రాక్టర్ల పనితీరును సమీక్షించడం వృథా అనీ, కేంద్ర నిబంధనల ప్రకారం తక్కువ ధర వేసినవారికే టెండరు దక్కుతుంది గనుక సమీక్షతో మారేదేమీ లేదనీ, 99 శాతం అప్‌టైమ్ (వ్యవస్థ ఆగకుండా పనిచేసిన సమయం) నివేదికా, పెనాల్టీ షరతూ ఉంటే చాలుననీ దాని సారాంశం.

ముందుగా ధర మాట. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లోని 173వ నిబంధన టెండరు వేసే బిడ్డరు అర్హతకు అనుభవంతో పాటు గత పనితీరును కూడా ప్రమాణంగా పేర్కొంటుంది. రాష్ట్రానికి తన నిబంధనలు వేరుగా ఉన్నా, సందేశం కేంద్ర నిబంధనలనే సాక్ష్యానికి పిలిచింది గనుక జవాబూ అక్కడినుంచే ఇస్తున్నాను. ఒప్పందం ముగిసిన రోజున అందరికీ ఒకే మూసలో ‘సంతృప్తికరం’ అని రాసిచ్చే చోట, ఆ ప్రమాణం ఉండీ లేనట్టే.

అప్‌టైమ్ వాదం పైకి బలంగా కనిపిస్తుంది, లెక్క వేస్తే నిలవదు. 30 రోజుల నెలకు 720 గంటలు. అందులో 1 శాతం అంటే 7 గంటల 12 నిమిషాలు. అర్ధరాత్రి సర్వరు చక్కగా నడిచిన గంటకూ, పగలు పదకొండింటికి కుల ధ్రువపత్రం కోసం జనం తహసీలు కార్యాలయంలో బారులు తీరిన గంటకూ ఈ లెక్కలో విలువ ఒక్కటే. ఆ ఏడు గంటలూ ఒకే పనిదినం మీద పడితే, కాశీనగరం పక్క పల్లెనుంచి కూలి మానుకుని వచ్చిన మనిషి వట్టి చేతులతో తిరిగి వెళ్తాడు, కాంట్రాక్టరు మాత్రం షరతు తప్పినట్టు కాదు. రోజుకు 8 గంటల చొప్పున 24 పనిదినాలనే లెక్కలోకి తీసుకుంటే మొత్తం 192 గంటలు, 1 శాతం మినహాయింపు రెండు గంటల లోపే.

పైగా ఫిర్యాదు పరిష్కారమైందని నమోదు చేసేది కాంట్రాక్టరు మనిషే అయితే, ఇవాళ ‘బాగైన’ ప్రింటరు రేపు మళ్లీ మొరాయించి కొత్త ఫిర్యాదుగా చేరినప్పుడు, నివేదికలో అవి రెండు పరిష్కారాలుగా కనిపిస్తాయి. కౌంటరులోని ఆపరేటరు సరేనన్నాకే ఫిర్యాదును మూయాలి. వారంలోపు తిరగబెట్టినదాన్ని పాతదాని కిందే లెక్కించాలి. సేవ అందుకున్నవారినే అడగడం ఒడిశాకు కొత్త కాదు: 2019 అక్టోబరు 2న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం ‘మో సర్కార్’ (నా ప్రభుత్వం)లో ప్రజలకు ఫోన్లు చేసి సిబ్బంది తీరును అడిగారు.

పెనాల్టీ గురించి ఒక్క మాట చాలు. దానికి సాధారణంగా గరిష్ఠ పరిమితి ఉంటుంది. తెలివైన బిడ్డరు ఆ మొత్తాన్ని ముందే ధరలో కలుపుకుంటాడు.

సమీక్ష పేరుతో అధికారి కక్ష తీర్చుకోవచ్చన్న భయం సందేశంలో ఒక మూల ఉంది. అది నిజమైన భయమే. అమెరికా సమాఖ్య ప్రభుత్వంలో పనితీరు మదింపుపై స్పందించేందుకు కాంట్రాక్టరుకు 14 రోజుల గడువు ఇస్తారు, విభేదం తేలకపోతే కాంట్రాక్టు అధికారికి పై స్థాయివారు పరిశీలిస్తారు. మన ఒప్పంద పత్రంలోనూ అలాంటి షరతు రాసుకోవచ్చు. అయితే మదింపు మూడు నెలలకొకసారి జరగాలి, చివరి బిల్లు చెల్లించే వారంలో కాదు.