మాజినో లైను గారికి ఓ బహిరంగ లేఖ

అయ్యా మాజినో లైను గారూ,

జర్మనీ దాడి చేస్తే ఆపడానికి ఫ్రాన్సు తన సరిహద్దులో కట్టుకున్న కోటల వరస మీరు. ఎక్కడ ఏ పనికిమాలిన పథకం బయటపడినా మీ పేరు పెట్టి తిట్టడం లోకానికి అలవాటైపోయింది. ఫ్రాన్సులోని లొరేన్‌లో వెక్రింగ్ ఊరి పక్కనున్న మీ హాకెన్‌బర్గ్ కోట చూసొచ్చాక మాత్రం నా కోపం మీ మీద నుంచి మిమ్మల్ని కట్టించిన పెద్దల మీదకు మళ్లింది.

మీకు ఏం తక్కువ చేశారని? 1930లో దాదాపు 290 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేశారు. ఈ ఒక్క కోటలోనే పది కిలోమీటర్ల సొరంగాలు, వెయ్యి మంది ఉండేందుకు చోటు, కరెంటు రైలు, వంటిల్లు, ఆస్పత్రి, పైగా బయట విషవాయువు వదిలినా లోపలికి చొరబడకుండా గాలిని వడగట్టే యంత్రాలు. పైన ఎండ మండిపోతున్నా కింద 12 డిగ్రీలే, టీషర్టు వేసుకొచ్చిన వాళ్లు పళ్లు టకటకలాడిస్తూనే గైడు చెప్పే మందుగుండు లెక్కలు వినాలి. తొమ్మిదో బ్లాకులో అంత బరువున్న ఉక్కు టరెట్ (ఫిరంగులుండే గుమ్మటం) నేలలోంచి పైకి లేచి, తిరిగి, మళ్లీ కిందికి దిగిపోతుంటే పిల్లలూ పెద్దలూ నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. నేనూ అంతే.

ఇంత హంగామా వీధి గుమ్మానికే, అంటే జర్మనీ సరిహద్దుకే. బెల్జియం వైపు దొడ్డి తలుపు దాదాపు బార్లా తీసే ఉంది. అటువైపున్న ఆర్డెన్ అడవులు దాటడం ఎవరి తరమూ కాదని 1934లో అప్పటి ఫ్రాన్సు యుద్ధమంత్రి పెతాన్ గారు సెనేట్ కమిటీకి సెలవిచ్చారు, 'తగిన ఏర్పాట్లు చేస్తే' అన్న ముక్క కూడా అన్నారు గానీ దాన్నెవరు పట్టించుకున్నారు? 1940 మేలో జర్మన్లు అదే అడవిలోంచి వచ్చి ఫ్రాన్సులోని సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటేశారు. మీ పెద్ద కోటలేమో చాలావరకు చెక్కుచెదరకుండా నిలబడి, సంధి కుదిరాక పైనుంచి ఆర్డరొస్తే తలుపులు తీశాయి. (చిన్న కోట లా ఫెర్తేలో వంద మందికి పైగా సైనికులు చనిపోయారు. దాని మీద మాత్రం జోకులొద్దు.)

అసలు తమాషా 1944 నవంబరులో జరిగింది. మీ ఎనిమిదో బ్లాకు ఫిరంగులు జర్మన్ల చేతుల్లో ఉండి, ఫ్రాన్సును విడిపించడానికొచ్చిన అమెరికన్ల మీద పేలాయి. వాళ్లు 155 మి.మీ. ఫిరంగి తెచ్చి మీ గోడ బద్దలు కొడితే గానీ దారి దొరకలేదు. అడ్డుకోవడం మీకు బాగానే వచ్చన్నమాట, ఎవర్ని అన్నదే కాస్త తేడా కొట్టింది!

ఇక మీ సైనికుల బ్యాడ్జీ మీద 'ఎవరినీ దాటనివ్వం' అని రాసుకున్నారుగా, ఇప్పుడు టికెట్టు కొంటే చాలు, జర్మన్ భాషలో కూడా దగ్గరుండి తిప్పి చూపిస్తున్నారు.

ఇట్లు,
టికెట్టు కొనుక్కుని దాటినవాడు