'పీసీ' అని పేరు పెడితేగానీ పలకని టీవీ గారికి

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ 43 అంగుళాల టీవీ గారి దివ్యసముఖమునకు,

ఇచ్చట మేము క్షేమం కాదు. అచ్చట తమరు క్షేమమని తెలుస్తూనే ఉంది, మన మధ్య ఉన్నది రెండడుగుల టేబులే కదా. ఎదురెదురుగా కూర్చుని ఉత్తరాలేమిటని తమరికి అనిపించవచ్చు. నోరు విప్పితే వెనక మంచం మీద పడుకున్న మా అమ్మ లేస్తుంది. పైగా ఈ మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరున్నర దాకా తమరి సెట్టింగుల్లో పడి తిరిగి తిరిగి మాట్లాడే ఓపిక కూడా పోయింది.

సంగతి తమరికి తెలియంది కాదు. 'బందుమిత్రుల అభినందనలతో'.

మూడు వందల శుభలేఖలు. నరసన్నపేట వైపు పార్టీ. ధ కి అడుగున ఉండాల్సిన చిన్న గీత లేదు. గోరంత గీత. అది లేకపోయేసరికి చుట్టాలు కాస్తా బందు చేసేవాళ్ళయ్యారు. పొద్దున్నే పెళ్ళికూతురి మేనమామ ఫోన్ చేశాడు. "బాబూ, పెళ్ళినాడు బందేటి? బస్సులు తిరగవేటి? మా వియ్యంకుడు అడుగుతున్నాడు." తిట్టినా బాగుండేది. ఆయన నిజంగానే కనుక్కుంటున్నాడేమోనని రెండు నిమిషాలు నాకు అర్థం కాలేదు. అప్పటికే ఎనభై కార్డులు మూలలకి పసుపు రాసి ఊళ్ళలో పంచేశారట. పసుపు రాసి ఇచ్చిన శుభలేఖని వెనక్కి అడగకూడదట. కాబట్టి ఆ ఎనభై ఇళ్ళలోనూ నా పనితనం గోడ మేకుకి వేలాడుతూ ఉంటుంది. మిగిలినవి నా ఖర్చుతో మళ్ళీ అచ్చు వెయ్యాలి.

తప్పు నాదే. షిఫ్ట్ మీద వేలు సరిగ్గా పడలేదు, ధ బదులు ద పడింది. ఇరవై ఏళ్ళుగా పెళ్ళి కార్డులు, వర్ధంతి కార్డులు, బట్టల కొట్ల కరపత్రాలు చేస్తున్నవాడికి ఇలాంటివి పడుతూనే ఉంటాయి. అందుకే ప్రూఫు చూస్తాం. ఈ కార్డుకి నేను నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నా కంప్యూటర్‌కి తెరగా కూర్చున్న తమరి ముఖం మీదే చూశాను.

తమరు మా ఇంటికి వచ్చింది మొన్న దసరాకి. నా పాత 22 అంగుళాల మానిటర్ మధ్యలో నిలువుగా పచ్చగీత పడి పోయింది. కొత్త మానిటర్ కొందామని బయలుదేరితే మా బావ అడ్డం పడ్డాడు. "27 అంగుళాల 4కే మానిటర్ డబ్బుకి 43 అంగుళాల 4కే టీవీ వస్తుంటే ఎవడైనా మానిటర్ కొంటాడేటి?" 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, షాపు నిండా బ్యానర్లు. పెద్ద మానిటర్ల మీదా అదే తగ్గింపు అని ఒక్క బ్యానరూ చెప్పలేదు. ఇంతకీ సలహా ఇచ్చిన మా బావ ఇంట్లో ఉన్నది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. 1366 చుక్కలు అడ్డంగా, 768 నిలువుగా. దానికి కంప్యూటర్ తగిలించి రెండడుగుల్లో కూర్చుంటే అక్షరాలు కనపడవు, ముగ్గు చుక్కలు కనపడతాయి. ఆయన దానిమీద క్రికెట్ తప్ప ఏమీ చూడడు కాబట్టి ఆయనకి ఏ బాధా లేదు.

తమరి విషయంలో నేను లెక్క వేసుకునే కొన్నాను. 3840 చుక్కలు అడ్డం, 2160 నిలువు, 4కే అంటే అదే. 43 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 102 చుక్కల దాకా వస్తాయి. పాత మానిటర్‌కీ దాదాపు అంతే. అంటే అక్షరం అప్పుడెంత స్పష్టంగా ఉందో ఇప్పుడూ అంతే ఉండాలి, జాగా మాత్రం నాలుగింతలు. కార్డు ఒక పక్క, కస్టమర్ వాట్సాప్‌లో పంపిన చేతిరాత ఒక పక్క, చుట్టాల పేర్ల జాబితా ఇంకో పక్క పెట్టుకోవచ్చు. లెక్కలో ఏ తప్పూ లేదు. తమరి పెట్టె మీద 4కే అన్న మాటలోనే ఉంది తిరకాసు.

మా ఊళ్ళో వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం రోడ్ అని టికెట్ కొంటాం. దిగేది ఆమదాలవలసలో. స్టేషను నిజమే, పేరూ నిజమే, ఊరు మాత్రం అక్కడ లేదు. బయటికొచ్చి ఆటో ఎక్కాలి. కొత్తవాళ్ళు సామానుతో అటూ ఇటూ చూస్తుంటే మనకి నవ్వొస్తుంది. ఈసారి సామానుతో నిలబడ్డవాణ్ణి నేను.

మొదట నా పాత కంప్యూటర్‌తో కలిపాను. దాని హెచ్‌డీఎంఐ, అంటే బొమ్మ పంపే వైరు తగిలించే పోర్టు, 1.4 కాలం నాటిది, 4కే బొమ్మని సెకనుకి 30 సార్లకి మించి పంపలేదు. మౌసు కదిపితే బాణం గుర్తు బెల్లం పాకంలో పడిన చీమలా వచ్చేది. సరే, తప్పు నా కంప్యూటర్‌దే అని సెకండ్ హ్యాండ్‌లో గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. హెచ్‌డీఎంఐ 2.0, సెకనుకి 60 సార్లు. మౌసు గాల్లో తేలింది. ఆ సాయంత్రం సంతోషంతో ఇంటిల్లిపాదికీ పకోడీలు తెప్పించాను. ఆ 60 కోసం తమరు నాకు చెప్పకుండా ఏం అమ్మేశారో ఈ రోజే తెలిసింది.

రంగు అమ్మేశారు.

ఇక ఈ తమరులు నా వల్ల కాదు. నువ్వు చేసిందేమిటంటే, ప్రతి చుక్కకీ వెలుగు ఎంతో విడివిడిగా తీసుకుంటున్నావు, రంగు మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒక్కటే తీసుకుంటున్నావు. ఇంటికి నలుగురుంటే ఒక్క కంచంలో వడ్డించినట్టు. రంగు లెక్కలో చూస్తే నువ్వు 4కే కావు, 1920 బై 1080వి. అంటే పావు. నీ పోర్టు మామూలు సెట్టింగులో సన్నటి పైపు, సెకనుకి 60 సార్లు నిండు రంగు దాంట్లో పట్టదు, అందుకని సగం నీళ్ళు బయటే పారబోసుకుంటావు. సినిమాకి ఇది చాలు. మనిషి కన్ను వెలుగులో తేడా పట్టినంత బాగా రంగులో తేడా పట్టదు. ఓటీటీ సినిమాలు ఎలాగూ ఈ పావు రంగుతోనే వస్తాయి. పదడుగుల దూరంలో సోఫాలో కూర్చుని చూసేవాడికి జీవితాంతం తెలియదు.

తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికీ తెలియదు, అక్కడున్నదంతా వెలుగూ చీకటే కాబట్టి. అందుకే నాలుగు నెలలు బిల్లులు, లెటర్‌హెడ్లు నీమీద హాయిగా చేసుకున్నాను. 'మానిటర్‌కేం తీసిపోయింది' అని మా బావతో ఒప్పుకున్నాను కూడా. ఆ మాట ఆయన ఊరంతా చెప్పాడు.

అప్పుడొచ్చింది ఈ కార్డు. పెళ్ళికూతురి పట్టుచీర రంగులే కార్డు మీద కావాలన్నారు. ముదురాకుపచ్చ మీద సిందూరపు అక్షరాలు. నాకు నచ్చలేదు. అయినా పెళ్ళి నాది కాదు. ఆ రెండు రంగులకీ వెలుగులో తేడా పెద్దగా లేదు, ఉన్నదంతా రంగులోనే. రంగేమో నువ్వు నాలుగింటికొకటి చొప్పున పంచుతున్నావు. ఇంకేముంది, అక్షరాల అంచులన్నీ వానలో తడిసిన కుంకుమబొట్లయ్యాయి. పేజీ మొత్తం ఒకేసారి కనిపించేలా పెట్టుకుంటే ధ అడుగున గీతకి నీమీద ఒకటో రెండో చుక్కల వెడల్పు. ఆ గీత నీకు రంగు కూడా కాదు, మరక.

ఇంగ్లీషువాడికి ఈ బాధ ఇంత లేదు. వాడి అక్షరం కర్రలూ గుండ్రాలూ, కాస్త మసకేసినా పోల్చుకోవచ్చు. మనకి ద కింద గీత గీస్తే ధ. ప కింద పెడితే ఫ. డ కింద పెడితే ఢ. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్నదల్లా నెత్తిమీద ఒక చిన్న మెలిక. అర్థం మొత్తం ఆ అడుగునో ఆ నెత్తినో ఉంటుంది. నువ్వు తీసేసింది సరిగ్గా అక్కడే. మేనమామ అడిగిన బందు ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోవడానికి కారణం నువ్వు. నాలుగుసార్లు చూశానురా నిన్ను! నాలుగుసార్లు! కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. కళ్ళు పోయాయేమోనని భయపడి డాక్టర్ దగ్గర చీటీ కూడా రాయించుకున్నాను. ఆ ఫీజు నీ లెక్కలో రాసి పెట్టాను.

మిగతావి పెద్దగా తవ్వను. కొన్న రోజే స్క్రీన్ నాలుగంచులూ కోసేశావు, టాస్క్‌బార్ సగమే కనిపించింది. డబ్బా టీవీల కాలంలో అంచుల్లో బొమ్మ సరిగ్గా ఉండేది కాదని దాన్ని కొంచెం పెద్దది చేసి అంచులు దాచేవాళ్ళు. ఆ డబ్బాలు పాత సామాన్ల వాడికి వేసి ఎన్నేళ్ళయింది? అయినా తాతగారి అలవాటు నువ్వు మానలేదు. కంప్యూటర్ నిద్రపోతే మానిటర్ కూడా పడుకుంటుంది, నువ్వు మాత్రం 'నో సిగ్నల్' అన్న పెట్టెని గోడకీ గోడకీ కొట్టుకుంటూ తిప్పుతావు. టీ తాగి వచ్చి నిన్ను లేపాలంటే రిమోట్ కావాలి, రిమోట్ అమ్మ దిండు కింద ఉంటుంది. నీ కాళ్ళు రెండూ ఆ చివరొకటీ ఈ చివరొకటీ, టేబులు కూడా కొత్తది కొనాల్సి వచ్చింది. అరసవల్లిలో సూర్యకిరణాలు మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి స్వామి పాదాలు తాకుతాయి, చూడ్డానికి జనం తెల్లారకుండానే వెళ్తారు. షాపులో దూరం నుంచి కనపడాలని పెట్టిన నీ షాపు వెలుగు వారం రోజులు సరాసరి నా కళ్ళలో పడింది. దండం పెట్టడానికి కూడా కళ్ళు తెరవలేకపోయాను.

సరే. ఈ మధ్యాహ్నం కథ.

రంగు పోతోందని అర్థమైంది మూడున్నరకి. కేబుల్ మార్చాను. పోర్టు మార్చాను. డ్రైవర్లు మళ్ళీ వేశాను. కంప్యూటర్‌లో చూస్తే పూర్తి రంగు అన్న ఆప్షనే లేదు. నీ మెనూలో బొమ్మ, ధ్వని, సాధారణం, మద్దతు అని నాలుగు గదులు, ఒక్కోదానికి మళ్ళీ నాలుగు గదులు, ఏ గదిలోనూ ఈ సంగతి లేదు. ఐదింటికి మా బావకి ఫోన్ చేశాను. "టీవీ బాగానే ఉంటుంది, నీ కళ్ళు ఒకసారి చూపించుకోరాదూ" అన్నాడు.

చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? బొమ్మ దగ్గర కాదు. రంగు దగ్గరా కాదు. హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక పేరు పెట్టుకునే చోట ఉంది. సెట్‌టాప్ బాక్స్, గేమ్, డీవీడీ అని ఒక జాబితా. అందులో 'పీసీ' అని పేరు పెట్టాలి. ఊరికే గుర్తు కోసం పెట్టుకునే పేరేమో అనుకున్నాను. కాదు. ఆ పేరు పెడితేగానీ నువ్వు నన్ను కంప్యూటర్‌గా గుర్తించవట! నాలుగు నెలలుగా నీకు వైరు తగిలించి, రోజుకి పది గంటలు నీ ముందు కూర్చుని పని చేస్తుంటే, నన్నొక డీవీడీ ప్లేయర్ అనుకుంటున్నావా? బారసాల చెయ్యని బిడ్డలా పేరు పెట్టి పిలిచేదాకా పలకవా? చేశాను. బియ్యంలో రాయలేదు గానీ, రిమోట్‌తో ఆ జాబితాలో ఒక్కో మెట్టూ దిగి పేరు పెట్టాను. ఇంకో మూల ఆ పోర్టుకి 'పెద్ద సిగ్నల్' తీసుకొమ్మనే మీట ఉంది, అదీ తిప్పాను. సన్న పైపు లావైంది.

ఒక్కసారి నల్లబడ్డావు. మళ్ళీ వెలిగావు. సిందూరపు అక్షరాలు ఆకుపచ్చ మీద సూదితో కుట్టినట్టు నిలబడ్డాయి. 'బందుమిత్రుల'. అడుగున గీత లేదని అప్పుడు ఎంత చక్కగా కనిపించిందో! అచ్చులో మూడు వందల సార్లు కనిపించినంత చక్కగా.

ఆ గీత పెట్టి ఫైలు సేవ్ చేస్తుంటే వెనక మంచం కదిలింది. మా అమ్మ ఐదో తరగతి. మొన్న శుక్లాల ఆపరేషన్ అయింది, దూరంవి బాగా కనబడుతున్నాయంటోంది. పడుకునే చదవడం మొదలుపెట్టింది, కూడబలుక్కుంటూ, గట్టిగా. 'శ్రీరస్తు' దగ్గర మొదలై ముహూర్తం దాటి, విందు దాటి, చివరికొచ్చింది.

"ఒరే, 'విచేసి' అని ఉందేటిరా? విచ్చేసి కదా?"

చూశాను. వత్తు లేదు. మూడు వందల కార్డుల్లోనూ లేదు. మేనమామ ఇంకా గమనించలేదు, బందు దగ్గరే ఆగిపోయాడు పాపం.

22 అంగుళాల మానిటర్ అయితే ఆ మంచం దాకా అక్షరం చేరేది కాదు. ఈ మాట నీతో అనడం నాకు ఇష్టం లేదు. పొద్దున్న ప్రెస్సుకి ఫైలు పంపేముందు అమ్మ చేత మొదటి నుంచీ ఇంకోసారి చదివించాలి. జీతం ఏమిస్తావని అడిగింది. రిమోట్ నీ దగ్గరే ఉంచుకో అన్నాను.

ఎనిమిది కావస్తోంది. ఆవిడ సీరియల్ మొదలవుతుంది. పోర్టు మార్చేస్తుంది, కాబట్టి ఇంతటితో ముగిస్తున్నాను. సీరియల్ అయిపోయి మళ్ళీ నా పోర్టుకి వచ్చేసరికి ఆ 'పీసీ' అన్న పేరు మరిచిపోయావో, నీ సంగతి చెబుతాను.

ఇట్లు,
నీ రెండడుగుల దూరంలో, నీ సీరియల్ అయ్యేదాకా పని లేకుండా కూర్చున్న
డీటీపీ వాడు