ముప్పున్న పిల్లల పేర్లు ముందే తెలియాలి

2021 వేసవిలో కరోనా రెండో ఉద్ధృతి ఇంకా సద్దుమణగకముందే మరో భయం దేశాన్ని కమ్ముకుంది. మూడో విడత పిల్లల మీదే విరుచుకుపడుతుందన్న మాట ఊరూ వాడా పాకింది. అలా అనుకోవడానికి తగిన ఆధారం లేదని భారత శిశువైద్యుల సంఘం ఆ మే నెలలోనే చెప్పింది. అయినా కన్నవారి గుండెలు కుదుటపడలేదు. తెలుగు రాష్ట్రాలు సహా అన్నిచోట్లా పిల్లల కోసం ఐసీయూలు, ఆక్సిజన్ పడకలు సిద్ధం చేశారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ రూపంలో ఆ మూడో విడత వచ్చి వెళ్లింది. పడకలు పెరగడం మంచిదే. కానీ పిల్లలందరికీ ముప్పు ఒకేలా ఉంటుందా అన్న అసలు ప్రశ్న ఆ హడావుడిలో పక్కకు పోయింది. ఒకేలా ఉండదని, ఎవరికి ఎక్కువో కూడా ఇప్పుడు వైద్యులకు తెలుసు. తెలిసిన ఆ సంగతి ఆస్పత్రి గడప దాటి ఊళ్లకు చేరకపోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

అమెరికా వ్యాధుల నియంత్రణ కేంద్రం (సీడీసీ) 14 రాష్ట్రాల ఆస్పత్రుల నుంచి వివరాలు తెప్పించుకుంది. 2020 మార్చి నుంచి 2021 మే వరకు ప్రధానంగా కొవిడ్‌తోనే చేరిన 2,293 మంది పిల్లలను పరిశీలించింది. వారిలో దాదాపు 30 శాతం మందికి జబ్బు తీవ్రమైంది. అంటే ఐసీయూ అవసరపడింది, వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది, లేదా ప్రాణం పోయింది. మరణాలు 0.5 శాతం. ఈ లెక్క ఆస్పత్రిలో చేరిన వారిది మాత్రమే. కరోనా సోకిన పిల్లల్లో అత్యధికులు ఇంట్లోనే రెండు మూడు రోజుల జ్వరంతో కోలుకున్నారు.

ఎవరికి తీవ్రమైందన్నది వయసును బట్టి మారింది. రెండేళ్లలోపు వారిలో దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు, నాడీ సంబంధ సమస్యలు ఉన్నవారికి ముప్పు రెట్టింపు, అంతకు కాస్త ఎక్కువ. గుండె జబ్బు, నెలలు నిండకుండా పుట్టడం, శ్వాసనాళంలో లోపాలు ఆ తర్వాతి స్థానాల్లో ఉన్నాయి. రెండేళ్లు దాటిన వారిలో గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లలు, మధుమేహం ఉన్నవారు ముందు వరుసలో నిలిచారు. ఊబకాయం వల్ల కూడా ముప్పు పెరిగింది గానీ అంతగా కాదు.

ఇందులో గొట్టంతో ఆహారం తీసుకునే పిల్లల గురించి ఆగి ఆలోచించాలి. గొట్టం వల్ల కరోనా ముదరదు. మెదడు పక్షవాతం (సెరెబ్రల్ పాల్సీ) వంటి సమస్యలతో మింగడమే కష్టమైన బిడ్డ గట్టిగా దగ్గలేడు. చేరిన కఫం బయటకు రాదు. నోట్లోని లాలాజలం సైతం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది. మామూలు జలుబే ఆ బిడ్డకు ఒక్కోసారి న్యుమోనియా అవుతుంది. ఇంగ్లండ్‌లో కరోనా మొదటి ఏడాది ఆ వైరస్ వల్లే చనిపోయారని నిర్ధారణ అయిన 18 ఏళ్లలోపు వారు 25 మంది. వారిలో 19 మందికి అప్పటికే దీర్ఘకాల జబ్బులున్నాయి. మంచం దిగలేని బిడ్డను ఏళ్ల తరబడి ఒంటిచేత్తో సాకే తల్లులు మన పల్లెల్లో ఎందరో. ఆ ఇంటికి ఎవరు వెళ్లి పలకరిస్తున్నారు?

మధుమేహం సంగతి వేరు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో చక్కెర పెరుగుతుంది. జ్వరంతో బిడ్డ అన్నం ముట్టడం లేదని ఇన్సులిన్ ఆపేయడం పెద్దలు ప్రేమతోనే చేసే పని. ప్రాణం మీదకు తెచ్చేదీ అదే. తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానరాదన్న ఒక్క మాట ప్రతి తల్లికీ ముందే చెప్పి ఉంచాలి.

ముందు జబ్బేదీ లేని పిల్లలు కూడా ఆస్పత్రుల్లో చేరారని మరవకూడదు. కరోనా వచ్చిపోయిన రెండు నుంచి ఆరు వారాలకు వీడని జ్వరం, ఎర్రబడిన కళ్లు, ఒంటిపై దద్దుర్లు, కడుపునొప్పితో బయటపడే, పలు అవయవాలకు వాపు తెచ్చే ఎంఐఎస్-సి అనే జబ్బు ఆరోగ్యంగా ఉన్న పిల్లలనూ ఐసీయూకు చేర్చింది. సకాలంలో గుర్తిస్తే స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్‌తో చాలామంది కోలుకున్నారు. కాబట్టి ముప్పున్న వారి జాబితా మిగతావారిని పట్టించుకోకుండా వదిలేయడానికి సాకు కారాదు.

అమెరికా లెక్కలు యథాతథంగా మనకు సరిపోవు. నెలలు నిండకుండా పుట్టే శిశువులు ప్రపంచంలో ఎక్కడా లేనంతగా మన దేశంలో ఉన్నారు; ఒక్క 2020లోనే సుమారు 30 లక్షల మంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఏజెన్సీ ప్రాంతాల్లో ఎర్ర రక్తకణాలు వంకరపోయే వంశపారంపర్య జబ్బు సికిల్‌సెల్ ఉంది. గుండెకు రంధ్రంతో పుట్టి శస్త్రచికిత్స కోసం ఎదురుచూస్తున్న పిల్లలున్నారు. వీటికి తోడు, జబ్బు ముదిరాక గానీ పెద్దాస్పత్రికి చేరలేని దూరం, పేదరికం ఉన్నాయి. దూరాన్ని ఏ వైద్య పత్రికా ముప్పు కారకంగా లెక్కకట్టకపోవచ్చు. ప్రభుత్వం మాత్రం లెక్కకట్టాలి.

ఈ పిల్లలు ఎవరికీ తెలియనివారు కాదు. నవజాత శిశు సంరక్షణ విభాగాల నుంచి ఇంటికి వెళ్లిన ప్రతి పసికందు పేరూ రికార్డులో ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి పరీక్షలు చేసి పుట్టుకతో వచ్చిన లోపాలను నమోదు చేయాలి. ఆరోగ్యశ్రీ కింద శస్త్రచికిత్సలు జరిగిన పిల్లల వివరాలూ ఉన్నాయి. ఇవన్నీ తలోచోట పడి ఉన్నాయి. వాటిని కలిపి, గోప్యతకు భంగం రాకుండా, ఏ ఊరి పిల్లల పేర్లు ఆ ఊరి ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు అందజేయాలని మేము రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాం. కరోనా తగ్గినా ఫ్లూ, పసివారి ఊపిరితిత్తులకు సోకే వైరస్ ఆర్‌ఎస్‌వీ వంటివి ఏటా వస్తూనే ఉంటాయి. అవీ ముందుగా చుట్టుముట్టేది ఇంచుమించు ఈ పిల్లలనే.

జాబితా చేతికిచ్చి వదిలేస్తే చాలదు. బిడ్డ చొక్కా పైకెత్తి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం ఆశా కార్యకర్తలకు కొత్త కాదు. రెండు నెలలలోపు శిశువుకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, లేదా అంతకు మించితే ఆయాసమే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోయినా ఇక ఇంట్లో ఉంచరాదు. జాబితాలో ఉన్న బిడ్డ విషయంలో ఆ నిర్ణయం మరింత త్వరగా జరగాలి. పల్స్ ఆక్సీమీటర్ పసివేళ్లకు సరిపోయేది ఉండాలి. పెద్దలది తగిలిస్తే అంకె తప్పు చూపవచ్చు.

కరోనా టీకాల విషయంలో 15 ఏళ్లు దాటినవారికి 2022 జనవరి 3న, 12 ఏళ్లు నిండినవారికి మార్చి 16న హైదరాబాద్ సంస్థల టీకాలతోనే కార్యక్రమం మొదలైంది. 12 ఏళ్లలోపు వారికి అది రానేలేదు. ముప్పున్న చిన్నారులకైనా ఏ టీకా ఎప్పుడు ఇవ్వాలో, ఫ్లూ టీకా ఉచితంగా ఇవ్వగలరో లేదో కేంద్రం నిపుణులతో చర్చించి స్పష్టంగా ప్రకటించాలి. ఈలోగా జిల్లా ఆస్పత్రులు ఒక పని చేయవచ్చు. ముప్పున్న బిడ్డను ఇంటికి పంపే రోజున, ఏ లక్షణం కనిపిస్తే ఏ ఆస్పత్రికి రావాలో, ఏ నంబరుకు ఫోను చేయాలో తెలుగులో రాసి తల్లి చేతికివ్వాలి, ఒకసారి చదివి వినిపించాలి. ఇందుకు కొత్త బడ్జెట్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.