పీక పెట్టమనేవాళ్లే గానీ, ఎప్పుడు తీసేయాలో చెప్పేవాళ్లు లేరు

అమెరికాలోని తెలుగు ఇళ్లలో బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే మొదలయ్యే వాదనల్లో పాలపీక ఒకటి. అక్కడి పిల్లల డాక్టరు నిద్రపుచ్చేటప్పుడు పాసిఫయర్, అంటే పాలు లేకుండా ఉత్తినే చప్పరించే పీక పెట్టమంటారు. సాయానికి ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మమ్మేమో ‘పళ్లు ఎత్తు వస్తాయి, తీసెయ్యమ్మా’ అంటుంది. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే డాక్టరు మాట్లాడేది రెండు నెలల పసికందు గురించి, అమ్మమ్మ భయం మూడేళ్ల పిల్ల గురించి. మధ్యలో ఎక్కడ ఆపాలన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఊరికే ఆ సలహా ఇవ్వలేదు. నిద్రలోనే ఉన్నట్టుండి పసిపిల్లలు చనిపోయే సిడ్స్ ముప్పు, పీకతో పడుకునేవాళ్లలో తక్కువని అధ్యయనాల్లో తేలింది. తల్లిపాలు తాగేవాళ్లకైతే ఆ అలవాటు కుదురుకున్నాకే ఇవ్వమన్న షరతూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో తల్లిపాల కోసం పెట్టిన పది సూత్రాల్లో పీక అసలు వద్దన్నాయి. 2018లో దాన్ని సడలించి, వాడకం గురించీ ముప్పుల గురించీ తల్లికి వివరించమన్నాయి. మన దేశంలో 1992 నాటి చట్టం పాలసీసాల ప్రకటనలకు అడ్డుకట్ట వేసింది. సీసాకు తగిలించే పీక కూడా దాని కిందికే వస్తుంది. ఉత్తినే చప్పరించే పీక మాత్రం ఆ నిర్వచనంలో లేదు.

ఇక ఆపాల్సిన వయసు. ఆరు నెలలు దాటాక పీక వాడే పిల్లల్లో చెవి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తాయి. మూడేళ్లు దాటినా వదలకపోతే పై పళ్లూ కింది పళ్లూ కలవక ముందు సందు మిగిలిపోతుంది. అంతకు ముందే మానేస్తే చాలామందిలో అది దానంతటదే సర్దుకుంటుంది. అందుకే నా లెక్కలో మొదటి పుట్టినరోజుకల్లా పీకను నిద్ర వేళకే పరిమితం చేసి, రెండేళ్లలోపు పూర్తిగా తీసేయాలి. మాటలు వచ్చే వయసు కూడా అదే. నోట్లో పీక పెట్టుకున్న పిల్లాణ్ని ‘తాత’ అనమనండి. నాలుక పై పళ్లకు తగలాలి కదా, అడ్డంగా రబ్బరు ఉంటుంది. ‘ఆ... ఆ...’ అని మాత్రమే వస్తుంది. అది విని ఇంట్లోవాళ్లు ముద్దుచేస్తారు గానీ పీక తీయరు.

మాన్పించడానికి మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది చేదు. తల్లిపాలు మాన్పించేందుకు వేపాకు రాసినట్టే పీకకూ రాస్తారు. ఆకు సంగతి సరే, వేపనూనె జోలికి మాత్రం పోవద్దు. పసిపిల్లల కడుపులోకి వెళితే వాంతులు, ఫిట్స్ దాకా తెచ్చిన సందర్భాలున్నాయి. తేనె రాసి ఊరుకోబెట్టడం ఇంకా ప్రమాదం. 2018లో టెక్సస్‌లో తేనె నింపిన పీకల వల్ల నలుగురు పసిపిల్లలకు బొట్యులిజం అనే, కండరాలు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు వచ్చింది. ఏడాదిలోపు పిల్లలకు తేనె చుక్క కూడా వద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. పీక కొన కత్తిరించడమూ మంచిది కాదు. ముక్క ఊడి గొంతులో పడొచ్చు.

చేదు పనిచేయకపోతే మిగిలేది అబద్ధం. ‘కాకి ఎత్తుకుపోయింది’ అంటాం. డెన్మార్క్‌లో పీకలు కట్టే చెట్లున్నాయి. కోపెన్‌హాగెన్‌లోని ఫ్రెడరిక్స్‌బర్గ్ తోటలో ఉన్నది బాగా పేరున్నది. పిల్లలే వెళ్లి తమ పీకను కొమ్మకు కట్టి వస్తారు. అక్కడ పిల్లాడు తన చేత్తో ఇస్తాడు, ఇక్కడ వాడి దగ్గర్నుంచి పోతుంది. వారం తర్వాత అదే పీక అమ్మ హ్యాండ్‌బ్యాగులో కనబడితే ఇక కాకిని ఎవరు నమ్ముతారు? మనకు చెట్టు అక్కర్లేదు. పిల్లాడి చేతే చెత్తబుట్టలో వేయించినా సరిపోతుంది. రెండేళ్లు కూడా లేని పిల్లలకు ఏ కథా అర్థం కాదు, తీసేయడమే.

అసలు చిక్కు రాత్రిపూట. అమ్మానాన్నలు ఒక నిర్ణయం తీసుకుంటారు. అర్ధరాత్రి రెండింటికి ఏడుపు తారస్థాయికి చేరగానే నానమ్మ ‘పాపం, బిడ్డ గొంతు పోతోంది’ అంటూ పీకను కొంగుతో తుడిచి నోట్లో పెట్టేస్తుంది. ఆమెను అని లాభం లేదు. తెల్లారితే అందరూ ఆఫీసులకు పరుగెత్తాలి, పక్క ఫ్లాట్‌వాళ్లు ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఒకటి. కానీ గంటసేపు ఏడిస్తే దొరుకుతుందని పిల్లాడికి అర్థమైతే మర్నాడు గంటన్నర ఏడుస్తాడు. అందుకే ముందు ఒప్పించాల్సింది ఇంట్లోని పెద్దల్ని. ఆ కొన్ని రాత్రులు ఎవరు ఎత్తుకుని తిప్పాలి, ఎవరు పడుకోవాలి అన్నది ముందే పంచుకోవాలి. భారమంతా తల్లి మీదే పడితే మూడో రాత్రికి ఆమే పీక వెతుక్కుంటుంది.

ఈమధ్య పీక తీసేసిన చేత్తోనే ఫోన్ పెడుతున్నారు. పిల్లాడు వెంటనే ఊరుకుంటాడు, నిజమే. అయితే రెండేళ్లలోపు పిల్లలు స్క్రీన్ ముందు కూర్చోకపోవడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. దాన్ని మాన్పించడానికి మళ్లీ ఇంకో యుద్ధం.

జ్వరం వచ్చినప్పుడో, చెల్లెలు పుట్టిన నెలలోనో, పండక్కి ఊరెళ్లే ముందో ఈ పని పెట్టుకోవద్దు. మొదలుపెట్టిన రోజున కారులో, ఫ్రిజ్ మీద, అమ్మమ్మ సంచిలో ఉన్న స్పేర్ పీకలన్నీ ఏరి పారేయాలి. ఒక్కటి మిగిలినా రాత్రి రెండింటికి అదే దొరుకుతుంది.