గెడ్డకి రెండు మీటర్లు చాలట!

విశాఖ మాస్టర్ ప్లాన్ మళ్లీ చర్చలోకి వచ్చింది. 2021లో ఖరారైన 2041 ప్లాన్‌లో తప్పులున్నాయి, సవరించాల్సిందే అంటున్నారు. ఎవరి భూమి మీంచి రోడ్డు గీశారు, ఎవరి భూమిని తప్పించి వంకర తిప్పారు అన్న గొడవ ఈ ఊరివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. భోగాపురం ఎయిర్‌పోర్టు, డేటా సెంటర్, మెట్రో వస్తున్నాయి కాబట్టి ఏ నేలలో ఏం కట్టొచ్చో చెప్పే జోన్లు కూడా మారాలన్న మాట రోజూ వింటున్నదే. నేను ఆ జోలికి పోను. మ్యాప్‌లో పసుపు రంగుని ఎరుపు చేసినా, ఎరుపుని పసుపు చేసినా విశాఖకి ఒరిగేది తక్కువ. కొలవాల్సినదాన్ని మన రూల్స్ కొలవడం లేదు మరి. అవి రోడ్డు వెడల్పు కొలుస్తాయి. ఈ ఊళ్లో కొలవాల్సింది కొండ వాలుని, గెడ్డ దారిని. గెడ్డంటే మా వైపు కొండ మీంచి దిగే వాగు.

ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017 తీయండి. జీవో 119. వాగు గానీ కాలువ గానీ 10 మీటర్ల కంటే వెడల్పుగా ఉంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు వదిలి కట్టుకోవాలి. 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు వదిలితే చాలు. డెల్టాలో కూర్చుని చదివితే ఇది సబబుగానే కనిపిస్తుంది. అక్కడ పెద్ద కాలువలో పెద్ద నీరు, చిన్న కాలువలో చిన్న నీరు. లాకులుంటాయి, షట్టర్లుంటాయి, నీరు చాలావరకు చెప్పినట్టు వింటుంది. కొండ గెడ్డ ఎవరి మాటా వినదు. ఎండాకాలం దాన్లో పిల్లలు క్రికెట్ ఆడతారు. తుపాను రోజున మాత్రం వెనకున్న కొండంతటి మీదా కురిసిన వాన, మూడు నాలుగు మీటర్ల ఆ సందులోంచే దిగాలి. అదీ నింపాదిగా కాదు. కొండకీ సముద్రానికీ మధ్య కొన్నిచోట్ల రెండు మూడు కిలోమీటర్లు కూడా లేని ఊరిది. పైన వాన పడుతుండగానే కింద రోడ్డు మునుగుతుంది.

ఇంతకీ రెండు మీటర్లంటే ఎంత? మధురవాడ వైపు మా అపార్ట్‌మెంట్ వెనక ఒక గెడ్డ ఉంది. మా గోడకీ దానికీ మధ్య స్కూటర్‌ని అడ్డంగా పెడితే ముందు చక్రం గోడని తాకుతుంది, వెనక చక్రం గెడ్డ అంచున నిలబడుతుంది. నేను పెట్టి మరీ చూశాను. మాది అక్రమ కట్టడమేమీ కాదు. ప్లాన్ ఉంది, కట్టడం ప్లాన్ ప్రకారమే ఉందన్న ఓసీ ఉంది, బ్యాంకు కళ్లు మూసుకుని లోన్ ఇచ్చింది. అయినా నాలుగేళ్లలో మూడుసార్లు సెల్లార్ నిండింది. మొదటిసారి రెండు స్కూటర్లు, లిఫ్ట్ మోటార్ పోయాయి. మా వాచ్‌మన్ ఈ పక్క ఊరివాడే. బకెట్‌తో నీళ్లు తోడుతూ, "ఇక్కడే గెడ్డ ఎల్లీది బాబూ, మేం సిన్నప్పుడు గేదెల్ని కడిగీవోలం. దాని దారి దానికి తెల్దూ?" అన్నాడు. అతని మాటని బట్టి చూస్తే, గెడ్డ మా సెల్లార్‌లోకి రాలేదు. మేమే గెడ్డలోకి వెళ్లి కట్టుకున్నాం. రూల్ ప్రకారమే.

ఇంకో తమాషా చూడండి. 12 మీటర్ల గెడ్డకి ఒక వైపు నుంచి మెల్లగా మట్టి పోసి 9 మీటర్లకి తెచ్చారనుకుందాం. అప్పటిదాకా 9 మీటర్లు వదలాల్సిన చోట ఇప్పుడు 2 మీటర్లు చాలు. అంటే ఆక్రమించినవాడికి మూడు మీటర్లు కలిసిరావడమే కాకుండా, బోనస్‌గా ఇంకో ఏడు మీటర్లు వస్తాయి. రెవెన్యూ రికార్డుల్లో గెడ్డ పోరంబోకు అని హద్దులతో సహా ఉన్నచోట ఈ ఆట సాగకపోవచ్చు. కొండ పైభాగంలో పుట్టే సన్న గెడ్డల సంగతేమిటి? వానాకాలంలో తప్ప కంటికే కనిపించనివాటికి కాగితం మీద హద్దెవరు గీశారు? కింద ఊరిని ముంచేది అవే. నాలుగు సన్న గెడ్డలు కలిస్తేనే ఒక పెద్ద గెడ్డ.

వాలు విషయం ఇంకా అన్యాయం. మనకి 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న పరిమితి, లేదు. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, స్థలం ఎంత, బిల్డింగ్ ఎంత ఎత్తు అన్నవే చూస్తారు. ఆ లెక్కలోనే సెట్‌బ్యాక్‌లు, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీ, తేలిపోతాయి. ఆ సెట్‌బ్యాక్ పట్టికలో నేల వాలుకి గడి లేదు. చదునుగా ఉన్న సీతమ్మధార స్థలమైనా, కొండని సగానికి కోసి చేసిన స్థలమైనా పట్టికకి ఒకటే. ఈ కొండలు చాలావరకు ఖోండలైట్ రాయి. చూడటానికి రాయే గానీ ఎండకీ వానకీ నాని, పొరలు విడి, ఎర్రమట్టిగా మారిపోయే గుణం దానిది. అటువంటి కొండ పాదాన్ని జేసీబీతో నిలువుగా కోస్తే పైనున్న మట్టికి ఆధారం పోతుంది. వాన నీరు పగుళ్లలోకి దిగి వెనక నుంచి తోస్తుంది. గోడ కట్టాం కదా అంటారు. వెనక చేరిన నీరు బయటికి పోవడానికి కన్నాలు, కింద సరైన పునాది లేని గోడ రక్షణ కాదు, కూలడానికి సిద్ధంగా నిలబెట్టిన బరువు. 2024 సెప్టెంబరు వానలకి గోపాలపట్నం కొండవాలు మీద ఇళ్ల కింద మట్టి జారింది. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాటి తెల్లవారుజామున వానకి కొత్త గోడ కూలి, అప్పన్న నిజరూపం చూద్దామని క్యూలో నిలబడ్డ ఏడుగురు చనిపోయారు. వారం రోజులు ఎవరు బాధ్యులని మాట్లాడుకున్నాం. ఈ ఊళ్లో వాలు మీద కట్టే ప్రతి గోడకీ, ప్రతి కోతకీ ప్రత్యేకమైన రూల్ ఒకటి ఉండాలన్న మాట మాత్రం గట్టిగా ఎవరూ అనలేదు.

మన దేశంలో ఇది కనీవినీ ఎరగని సంగతేమీ కాదు. పుణెలో హిల్‌టాప్, హిల్‌స్లోప్ అని విడిగా జోనే ఉంది. ఐదడుగులు ముందుకెళ్తే ఒక అడుగుకి మించి పైకి లేచే నేలని కట్టడాలకి ఇవ్వకూడదన్నది అక్కడి లెక్క. అక్కడా ఉల్లంఘనలున్నాయి, కోర్టు కేసులున్నాయి, నాకు తెలుసు. కానీ ఉల్లంఘించడానికైనా ముందు ఒక రూల్ అంటూ ఉండాలి కదా!

జోనింగ్‌ని మనం రంగుల వ్యవహారంగా చూస్తాం. నాకు మాత్రం ఆ మాట వినగానే ఆర్.ఆర్. వెంకటాపురం గుర్తొస్తుంది. అక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ, 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా పెట్టినప్పుడు ఊరికి బయట ఉంది. తర్వాత ఊరే దాని దగ్గరికి నడిచి వెళ్లింది. ఇళ్లు దాని గోడ దాకా వచ్చాయి. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరిన్ లీకై 12 మంది చనిపోయారు. కంపెనీ తప్పు కంపెనీదే, అందులో సందేహం లేదు. కానీ ట్యాంకుల పక్కన ఇళ్లు లేచే దాకా చూస్తూ ఊరుకున్నది ఎవరు? ఫ్యాక్టరీ చుట్టూ ఖాళీగా ఉంచాల్సిన నేలకి మ్యాప్‌లో ఒక రంగుంటే సరిపోదు. ఆ నేలలో పర్మిషన్ అడిగినవాడికి కాదని చెప్పే నోరుండాలి.

బిల్డర్ల మాటా వినాలి. గెడ్డకి ముప్పై అడుగులు, వాలుకి ఇంకొంత అంటూ వదులుకుంటూ పోతే కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఈ ఊళ్లో కట్టడానికి స్థలమెక్కడిది, ఉన్న స్థలం రేటు ఇంకా పెరగదా అని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 18 మీటర్ల లోపు భవనాలకి లైసెన్స్ ఉన్న ఇంజనీరే సర్టిఫై చేసుకునే పద్ధతి 2025లో వచ్చింది. దాన్ని నేను స్వాగతిస్తాను, ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ కొంతైనా తగ్గింది. అయితే రేటు లెక్క వేసేటప్పుడు ఏటా మునిగే సెల్లార్, మార్చే మోటార్, పెంచే మెయింటెనెన్స్ కూడా కలపాలి. ఆ ఖర్చు బిల్డర్ పెట్టడు. తాళాలు చేతికిచ్చి అతను ఇంకో కొండ దగ్గరికి వెళ్లిపోతాడు.

అసలు జబ్బు ఇంకో చోట ఉంది. తెలుగులో 'కట్టు' అన్న మాటకి రెండర్థాలు. ఇల్లు కట్టొచ్చు, డబ్బు కట్టొచ్చు. మన పట్టణ ప్రణాళిక మొత్తం ఈ రెండింటి మధ్యే నడుస్తోంది: ముందు కట్టు, తర్వాత కట్టు. 2007లో బీపీఎస్ అన్నారు, అక్రమ కట్టడాన్ని ఫైన్ కట్టించుకుని సక్రమం చేసే స్కీమ్. ఇదే ఆఖరు అన్నారు. 2015లో మళ్లీ వచ్చింది. 2019లో మళ్లీ. 2025లో మళ్లీ. అనుమతి లేని లేఅవుట్లకి ఇలాంటిదే ఎల్‌ఆర్‌ఎస్ వేరే. లేఅవుట్‌లో పార్కుకి 10 శాతం వదలాలని రూల్. వదలకపోతే, 2020 స్కీమ్ ప్రకారం ప్లాట్ విలువలో 14 శాతం కట్టేస్తే సరిపోయింది. డబ్బు వచ్చింది, పార్కు రాలేదు. ఆ డబ్బుతో అదే లేఅవుట్‌లో పార్కు కొనడానికి అక్కడ స్థలం మిగిలి ఉండదు కదా. నిజాయతీగా నాలుగు వైపులా సెట్‌బ్యాక్ వదిలి కట్టుకున్న రిటైర్డ్ టీచర్ పిచ్చివాడవుతున్నాడు. పక్కింటాయన గోడ మీద గోడ పెట్టి, పెంట్‌హౌస్ వేసి, అద్దెలు తింటూ, స్కీమ్ వచ్చాక ఆ అద్దెలోంచే ఫైన్ కట్టేస్తున్నాడు. పేదవాడు తెలియక కొన్న ప్లాట్‌కి ఒక దారి చూపించడం వేరు. ఐదంతస్తులకి పర్మిషన్ తీసుకుని ఆరో అంతస్తు వేసినవాడికి అదే దారి చూపించడం వేరు. రెంటినీ ఒకే ఫారం మీద నింపిస్తున్నాం. కొత్త జోనింగ్ ఎంత బాగా రాసినా ఇంకో నాలుగేళ్లకి ఇంకో స్కీమ్ వస్తుందని ప్రతి మేస్త్రీకీ తెలుసు. శ్లాబ్ వేసే ముందు పైఅంతస్తుకి చువ్వలు వదిలి ఉంచేది అందుకే.

గెడ్డని ఫైన్‌తో రెగ్యులరైజ్ చేయడం కుదరదు. మునిగే ఇంటి కాగితం సక్రమమైనంత మాత్రాన నీరు పక్కకి తప్పుకోదు. కాబట్టి గెడ్డ దారినీ, కోత పడిన వాలునీ ఏ బీపీఎస్‌లోకీ, ఏ పేరుతోనూ రాకుండా చట్టంలోనే రాసేయాలి. 10 మీటర్ల మెట్టు తీసేసి, గెడ్డకి ఎంత వదలాలన్నది దాని వెనకున్న కొండ ఎంత నీటిని దింపుతుందన్న లెక్క మీద తేల్చాలి. ఇందుకు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కొండ ఎత్తుపల్లాల కొలతలు, వాన లెక్కలు ఉంటే ఏ సివిల్ ఇంజనీరైనా కట్టి ఇవ్వగలడు.

మరి ఎవరు రాస్తారు? నాకు కోపం వచ్చేది ఇక్కడే. 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకి అప్పగించదగ్గ పనుల జాబితా ఇచ్చింది, పన్నెండో షెడ్యూల్. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. చెత్త వాటి తర్వాత, వీధి దీపాలు చాలా కింద ఉంటాయి. మనం ఆ జాబితాని తలకిందులుగా చదివాం. కార్పొరేటర్‌కి చెత్త, దీపాలు ఇచ్చాం. బిల్డింగ్ రూల్స్ రాష్ట్రమంతటికీ ఒకే జీవో. మాస్టర్ ప్లాన్‌ని ఈ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ తయారు చేస్తే ఆమోదించేది ప్రభుత్వం. చివరికి ఒక్క సర్వే నంబర్ భూ వినియోగం మార్చాలన్నా ఫైలు రాజధానికే వెళ్లాలి. 98 వార్డుల కౌన్సిల్ ఇందులో ఎక్కడా నిర్ణయించేది కాదు.

అసలు కౌన్సిల్ అంటూ ఉంటే కదా! 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిశాక, 2021 మార్చి దాకా ఈ మహానగరానికి ఎన్నికలే లేవు. ఆ తొమ్మిదేళ్లలో హుద్‌హుద్ తుపాను వచ్చింది, భీమిలి, అనకాపల్లి కార్పొరేషన్‌లో కలిశాయి, జీవో 119 వచ్చింది, బీపీఎస్ రెండుసార్లు వచ్చింది, పాత అభివృద్ధి సంస్థ వుడా పోయి వీఎంఆర్‌డీఏ వచ్చింది. మేయర్ మాత్రం రాలేదు. ఊరి నేల గురించిన పెద్ద నిర్ణయాలన్నీ ఊరు నోరు లేకుండా ఉన్నప్పుడే జరిగిపోయాయి. ఫలానా గెడ్డ వానాకాలం ఎటు తిరుగుతుందో ఆరిలోవలో, పెదగంట్యాడలో ఓటు అడిగేవాడికి తెలుస్తుంది. తెలియకపోతే జనం తెలిసేలా చేస్తారు. సెక్రటేరియట్‌లో ఫైలు చూసే అధికారి ఎంత సమర్థుడైనా ఆయనకి అది మ్యాప్ మీద ఒక సన్న గీత. విశాఖకి వాలు రూల్, గెడ్డ రూల్ విడిగా కావాలంటే, విశాఖ కౌన్సిల్ తన బిల్డింగ్ రూల్స్‌ని రాష్ట్ర రూల్స్ కంటే కఠినంగా రాసుకునే అధికారం ముందు కావాలి. సడలించే అధికారం ఇవ్వకండి, వద్దు. బిగించే అధికారం చాలు.

మా వాచ్‌మన్ ఇంతదాకా ఆగలేదు. పోయిన నెల సెల్లార్‌లో నాలుగడుగుల ఎత్తున సిమెంట్ దిమ్మ కట్టించి మోటార్‌ని దాని మీదికి ఎక్కించాడు. ఒక కారు పార్కింగ్‌లో సగం పోయింది. అసోసియేషన్ మీటింగ్‌లో ఒకాయన లేచి, ఈ దిమ్మ శాంక్షన్ ప్లాన్‌లో లేదు, డీవియేషన్ కిందికి వస్తుందేమో చూసుకోండి అన్నాడు. దానికెంత కట్టాలో కనుక్కోమని సెక్రటరీకి చెప్పాం.